ఒకే సుడికి రెండు ధరలు

వేప్పనపల్లి,
9 ఫిబ్రవరి 2025

చిరంజీవి గోపీనాథ్‌కు మీ మేనత్త నాగరత్నం ఆశీర్వాదాలు.

ఇక్కడ అందరూ క్షేమమని రాయడం ఆచారం. క్షేమమే, కానీ కడుపు మండుతోంది. ఫోను చేయకుండా ఉత్తరం ఏమిటని విసుక్కోకు. ఆ పద్మనాభం నా మాటను ఫోనులో పట్టి పెద్దమనుషుల ముందు వినిపించిన రోజునే, ఎద్దు సంగతి ఇక ఏ ఫోనులోనూ ఎత్తనని ఒట్టు పెట్టుకున్నాను. ఉత్తరమైతే నేను రాస్తాను, నువ్వు చదువుతావు, మధ్యలో ఎవడి జేబులోకీ పోదు. మాట్లాడినట్టు రాస్తే మా తెలుగు బడి పంతులు బెత్తం తీసేవాడు. అందుకని పుస్తకంలో ఉన్నట్టే రాస్తున్నాను, నవ్వుకుంటే నవ్వుకో.

నువ్వు అప్పుడు పరీక్షల్లో ఉన్నావు, నీకు సగమే తెలుసు. మీ శ్రీరంగప్ప మామ కృష్ణగిరి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఈ ఎద్దుల దళారి పద్మనాభం పరామర్శకని మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగాడు. కొట్టంలోకి పోయి మన పందెం ఎద్దు కరియ చుట్టూ తిరిగాడు. వెన్ను మీద వెంట్రుకలు పాయతీసి, నాలుక చప్పరించి, "పాపం" అన్నాడు. సుడి చూడకుండా మన వైపు ఎవరూ పశువును కొనరు కదా, నేనూ వంగి చూశాను. "అమ్మా, చెప్పకూడదు గానీ ఇది పాడెసుడి. ఈ సుడి ఉండే ఎద్దు యజమానిని పాడె ఎక్కించే దాకా ఊరుకోదు. ఆయప్ప ఆస్పత్రిలో ఉండేది ఊరికేనా?" అన్నాడు.

సాయంత్రం ఫోను చేశాడు. "పాడెసుడి సంగతి ఏం చేస్తివమ్మా?" అని అడిగాడు. "తోలుకొని పోప్పా, ఆ ఎద్దు నాకొద్దు" అన్నాను. పందెం ఎద్దును లేగదూడ ధరకు తోలుకుపోయాడు.

రెండు రోజులకు మీ మామ తెలివిలోకి వచ్చాడు. ఆయన మంచం కిటికీ పక్కనే, అక్కడి నుంచి ఆస్పత్రి గేటు కనిపిస్తుంది. "కరియను ఒకసారి గేటు దాకా తోలుకొని రాయే, చూడాలని ఉండాది" అన్నాడు. నేను పద్మనాభం ఇంటికి పరిగెత్తాను. ఒక్క గంట ఇవ్వప్పా అని బతిమాలాను. "అమ్మిన సొత్తును అడగకూడదమ్మా" అన్నాడు. మీ మామ ఆ గేటు వైపు చూస్తూనే పోయాడు. తరువాత పంచాయితీ పెడితే వాడు ఫోను తీసి నా మాట వినిపించాడు. అందులో వాడి గొంతూ ఉంది, నా గొంతూ ఉంది. పెద్దమనుషులకు నా గొంతే వినిపించింది.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న అత్తిముగం వైపు జరిగిన ఎద్దుల పరుగులో కరియ మొదటి బహుమతి కొట్టింది. పద్మనాభానికి పూలదండ వేశారు. వాడు మైకు పట్టుకొని, ఆ వెన్ను మీది సుడినే చూపించి, "ఇది రాజసుడి, లక్ష ఎద్దుల్లో ఒకదానికి ఉంటుంది, కొనేవాళ్లుంటే రండి" అన్నాడు. కొనేటప్పుడు పాడెసుడి, అమ్మేటప్పుడు రాజసుడి!

నువ్వు హోసూరులో ధరలు వేసే ఆఫీసులో ఉన్నావని మీ నాన్న చెప్పాడు. వాడి ధర తేల్చే దారి ఏదైనా ఉంటే చూడు. వాడి పరువు సంతలో పడి దొర్లితే తప్ప నాకు అన్నం సహించదు.

మండుతూనే ఉన్న
మీ అత్త

హోసూరు,
16 ఫిబ్రవరి 2025

పూజ్యురాలైన అత్తకు గోపి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నేనూ ఆ పూట తినలేకపోయాను. గేటు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

నాన్న నీకు చెప్పింది మాత్రం సగం నిజం. నేను ధరలు వేస్తాను, కానీ ఎద్దులకూ రాగులకూ కాదు. కత్తులకు, డాళ్లకు, రాక్షసుల కొమ్ములకు. మాది బాగలూరు రోడ్డులో ఒక మేడ మీద చిన్న కంపెనీ. ఫోనులో ఆడే ఆట ఒకటి తయారుచేస్తున్నాం. అందులో వీరుడు అడవికి పోయి రాక్షసులను కొడతాడు. వాళ్ల దగ్గర దొరికిన కొల్లసొమ్మును సంచిలో వేసుకొని ఊళ్లోకి వచ్చి అంగట్లో అమ్ముతాడు. ఆ సొమ్ముతో మంచి కత్తి కొని మళ్లీ అడవికి పోతాడు.

అంగడివాడు ఏదైనా పావు ధరకే కొంటాడు, అదే వస్తువును నిండు ధరకు అమ్ముతాడు. అన్యాయమే. కానీ నిండు ధర ఇస్తే వీరుడు రెండు రోజుల్లో కుబేరుడైపోతాడు, ఇక అడవికి ఎందుకు పోతాడు? సంచి కూడా చిన్నదే ఇస్తాం. మోయలేక ఎంతకో అంతకు అమ్ముకొని పోవాలని. ఇదంతా లెక్కగట్టడమే నా ఉద్యోగం. మా పై అధికారి పూర్ణిమగారిది విజయవాడ. నేను "యాడికి పోతా ఉండారు" అంటే ఇప్పటికీ నవ్వుతారు, కానీ లెక్క దగ్గర నవ్వరు.

నీ ఉత్తరం చదివాక నాకొక ఆలోచన వచ్చింది. మా ఆటలో కొన్ని వస్తువులకు శాపం ఉంటుంది. శాపం ఉన్న వస్తువు ధర పదో వంతుకు పడిపోతుంది. శాపం ఉందో లేదో వీరుడికి తెలియదు, అంగడివాడు చెప్పాలి. ఆ అంగడివాడికి ఇంకా ముఖం గీయలేదు. పద్మనాభం ముఖం పెడతాను. దేశమంతా వాడిని తిట్టేలా చేస్తాను. వాడెలా ఉంటాడో, ఎలా మాట్లాడతాడో రాయి.

నీ అల్లుడు
గోపి

వేప్పనపల్లి,
24 ఫిబ్రవరి 2025

చిరంజీవి గోపికి,

నాయనా, చల్లటి మాట చెప్పావు. ఇంత వయసు వచ్చినా నేను దేవుడి పటం కూడా ఇంత శ్రద్ధగా చూసి ఉండను, వాడి ముఖం అంత బాగా గుర్తుంది. రాసుకో.

ఎర్ర తువ్వాలు ఎప్పుడూ ఎడమ భుజం మీదే. దాని కింద చెయ్యి పెట్టి కొనేవాడి వేళ్లు నొక్కి బేరం చేస్తాడు, అమ్మేవాడికి ఆ ధర తెలియదు. నోట్లో వక్కాకు. నవ్వితే పైపళ్లు మాత్రమే కనిపిస్తాయి. ఏ పశువును చూసినా చుట్టూ తిరుగుతాడు, నాలుక చప్పరిస్తాడు, ముందు "పాపం" అంటాడు. ఆ "పాపం" మాత్రం మరిచిపోవద్దు. అది విన్నప్పుడే నా గుండె జారింది.

నీ ఆటలో ఒక సంగతి నాకు బోధపడలేదు. వీరులందరూ రాక్షసుల కొమ్ములు తెచ్చి అమ్ముతుంటే, ఆ అంగడివాడు వాటిని ఎవరికి అమ్ముతాడు? కొమ్ములు కొనేవాళ్లు ఎవరు? అంగడి నిండిపోదా? ఇక్కడ సంతలో ఎవరూ అడగని పశువును కసాయి లారీ ఎక్కించుకొని పోతుంది. మీ ఊళ్లో లారీ కూడా లేదా?

వాడిని నరికే వీలు పెట్టావా? పెట్టకపోతే పెట్టు.

అత్త

హోసూరు,
20 మార్చి 2025

అత్తకు నమస్కారాలు.

ఆట బయటికి వచ్చింది. నీ పద్మనాభం ఇప్పుడు "పద్మనాభుడు" అనే పేరుతో రాజధాని వాకిట్లో అంగడి పెట్టుకొని కూర్చున్నాడు. ఎర్ర తువ్వాలు, వక్కాకు, పైపళ్ల నవ్వు. వీరుడు చచ్చీచెడీ తెచ్చిన వస్తువును చేతిలోకి తీసుకొని, దాని చుట్టూ తిరిగి, నాలుక చప్పరించి, "పాపం... దీనికి శాపం ఉండాది నాయనా" అంటాడు. గొంతు నాదే.

మొదటి రోజే వందల మంది వాడిని కత్తితో పొడవాలని చూశారు. కానీ అంగడివాడు చావకూడదనేది మా నియమం. వాడు చస్తే అమ్ముకునేదెక్కడ? అందుకని ఎంత పొడిచినా నవ్వుతూనే ఉంటాడు. ఆడేవాళ్లు రాసిన తిట్లు కొన్ని నీకోసం దింపుకున్నాను. "వీడి తువ్వాలుకు నిప్పు పెట్టాలి." "వీడి ఇంటి దీపానికి కూడా శాపం ఉందని చెప్పి నూనె కాజేస్తాడు." "రాక్షసుడే నయం, కొడుతున్నానని చెప్పి కొడతాడు." మిగతావి అత్తకు రాయదగినవి కావు.

నువ్వు అడిగిన ప్రశ్న పూర్ణిమగారికి చెప్పాను. కొమ్ములన్నీ ఎవరు కొంటారని. ఆమె "ఎవరూ కొనరు, మాయమైపోతాయి, ఆట కదా" అన్నారు. లారీ లేదు అత్తా.

ఇప్పుడైనా అన్నం సహిస్తోందా?

గోపి

వేప్పనపల్లి,
12 ఏప్రిల్ 2025

గోపీనాథ్‌కు,

ఆశీర్వాదం ఈసారి రాయడం లేదు.

నేను పాము కోరలు పీకమన్నాను. నువ్వు దానికి పాలు పోసి పటం కట్టించావు. హోసూరులో పనిచేసే వాడి అల్లుడెవడో నీ ఆట చూపించాడట. వాడిప్పుడు సంతంతా ఫోను పట్టుకొని తిరుగుతున్నాడు. "చూడండప్పా, ఈ పద్మనాభాన్ని గేములో పెట్టినారు! లక్షల మంది నా అంగడి కాడ నిలబడి ఉండారు. కత్తితో పొడిచినా చావనంట!" అని అందరికీ చూపిస్తున్నాడు. కుర్రాళ్లు వాడి పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. "పాపం అను తాతా" అంటే వాడు అంటాడు, వాళ్లు పడీ పడీ నవ్వుతారు. నా గుండె జారిన మాట వాళ్లకు ఆటైపోయింది. వాడి బేరాలు రెట్టింపయ్యాయి.

మొన్న బస్సు దగ్గర ఎదురుపడ్డాడు. "నాగరత్నమ్మా, నీ అల్లుడికి నా ఆశీర్వాదం చెప్పు. పైసా తీసుకోకుండా పేరు చేసినాడు" అన్నాడు. పైసా తీసుకోకుండా అనే మాటను ఎందుకంత నొక్కి అన్నాడు? నిజం చెప్పు, వాడి దగ్గర ఏమైనా తీసుకున్నావా? తీసుకుంటే ఆ మాట ఇప్పుడే రాయి. మీ మామ పేరు మీద రావలసిన ఎద్దు బాకీ తీసుకున్నట్టు అనుకొని ఊరుకుంటాను.

ఇంకొకటి. మే మొదటి శుక్రవారం కుందారపల్లి సంతకు కరియను తెస్తాడట. సేలం వైపు నుంచి ధనుంజయ్ అని పందెం ఎద్దుల ఆసామి వస్తున్నాడు. రాజసుడి ధర పలుకుతుందని ఊరంతా చెప్పుకుంటోంది. మీ మామ పెంచిన ఎద్దు, మీ మామను చంపిన మాట, రెంటినీ వాడే అమ్ముకుంటున్నాడు.

నాగరత్నం

హోసూరు,
19 ఏప్రిల్ 2025

అత్తకు,

నేనేమీ తీసుకోలేదు. ఆ ప్రశ్న నువ్వు అడిగావంటే ఇంకా నమ్మలేకపోతున్నాను. నువ్వు చెప్పినట్టే గీయించాను, నువ్వు చెప్పినట్టే పలికాను. జనం ముందు తిట్టారు, తరువాత నవ్వారు, తరువాత వాడిని చూడకపోతే తోచడం లేదన్నారు. నేనేం చేయను? అందరినీ ఒకేలా మోసం చేసేవాడి మీద జనానికి కోపం నిలవదని నాకేం తెలుసు?

పైగా వాడి పుణ్యమా అని నా ఉద్యోగానికే ఎసరు వచ్చింది. ఆడేవాళ్లు నా లెక్కలో ఒక కంత కనిపెట్టారు. ఆటలో శాపపు మసి అని ఒకటి దొరుకుతుంది. శత్రువు కత్తికి పూస్తే దానికి శాపం తగులుతుంది. కొందరు తెలివైనవాళ్లు దాన్ని తీసుకొచ్చి పద్మనాభుడి అంగట్లో అమ్మకానికి పెట్టిన కత్తులకే పూశారు. ఇక వాడు తన సరుకు చుట్టూ తానే తిరిగి, నాలుక చప్పరించి, "పాపం, శాపం ఉండాది" అన్నాడు! నేను ఒక వస్తువుకు ఒకే అసలు ధర రాశాను, పావైనా నిండైనా దాని మీదే లెక్క. శాపం ఉందన్నాక అది కొనడానికైనా అమ్మడానికైనా పదో వంతే. తన నోటితో తానే ధర తెంపుకున్నాడు. సాయంత్రానికి అంగడి ఊడ్చుకుపోయింది.

పూర్ణిమగారు నన్ను నిలబెట్టి కడిగేశారు. ఆ కంత పూడ్చమన్నారు. అంగడివాడు కొనేటప్పుడు అన్న మాట, అమ్మేటప్పుడు వాడికి అంటుకోకుండా విడదీయమన్నారు. అంటే అచ్చం మన పద్మనాభంలాగే తయారుచేయమన్నట్టు. వచ్చే నెలాఖరు దాకా గడువు.

ఇక నాకు ఇలాంటి పనులు చెప్పవద్దు. కోపంతో కాదు, చేతకాక రాస్తున్నాను.

గోపి

వేప్పనపల్లి,
3 మే 2025

చిరంజీవి గోపికి అత్త ఆశీర్వాదాలు, బాకీ పడ్డవి కూడా కలిపి.

నాయనా, నిన్ను అనరాని మాట అన్నాను, కడుపులో పెట్టుకో. నీ ఉత్తరం నాకు కొంగున కట్టిన బంగారమైంది. శాపపు మసి సంగతి చదివి నేనొక్కదాన్నే కూర్చొని పెద్దగా నవ్వాను. పక్కింటి మీనా భయపడి వచ్చి చూసింది.

నిన్న కుందారపల్లి సంతకు పోయాను. కరియను చింత నీడలో కట్టేశాడు. కొమ్ములకు రంగు, మెడలో గంటలు, నుదుట రాజసుడి అని రాసిన రేకు. నన్ను చూసి చెవులు కదిలించింది గోపీ. నేను దాని వైపు చూడలేదు, చూస్తే పని చెడుతుందని.

పద్మనాభం, ఆ సేలం ధనుంజయ్ తువ్వాలు కింద చేతులు పెట్టుకొని నిలబడ్డారు. చుట్టూ జనం. బేరం దగ్గర పడిందని వాళ్ల ముఖాలే చెబుతున్నాయి. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను. అరవలేదు. పెళ్లి పిలుపుకు వచ్చినట్టు నవ్వుతూ అడిగాను.

"పద్మనాభప్పా, ఈ ఎద్దు మా ఇంటిది. దీన్ని నా దగ్గర కొనే పొద్దు దీనికి ఏం సుడి ఉండాదంటివి?"

వాడి నవ్వు పైపళ్ల దగ్గరే ఆగిపోయింది. "ఇప్పుడెందుకమ్మా ఆ మాట, బేరం నడస్తా ఉంటే?"

"నాకు మతిమరుపు. నీ ఫోనులో ఉండాది కదా, పంచాయితీలో వినిపించినావే. ఇంకొకసారి వినిపించప్పా, ఈ పెద్దాయన కూడా వింటాడు."

ఫోను మార్చానన్నాడు. అందులో లేదన్నాడు. అప్పుడు వెనక నుంచి మన ఊరి పెద్దమనిషి ఓబయ్య దగ్గాడు. ఆ రోజు నా గొంతు మాత్రమే విన్న ఓబయ్యే. "ఫోను లేకపోతే ఏమిరా, నేను విన్నాను గదా. 'పాడెసుడి సంగతి ఏం చేస్తివమ్మా' అని నువ్వే అడిగినావు" అన్నాడు.

"ఆ సుడి ఉండే ఎద్దు యజమానిని పాడె ఎక్కించే దాకా ఊరుకోదంటివి. నీ మాట పొల్లు పోలేదప్పా. మా ఆయన పోయినాడు" అన్నాను. బొట్టు లేని నా నుదురు కేసి అందరూ చూశారు. ఇన్నాళ్లూ ఆ నుదురు దాచుకొని సంతకు పోయేదాన్ని, నిన్న ఎత్తి చూపించాను.

ధనుంజయ్ తువ్వాలు కింద నుంచి చెయ్యి లాగేసుకున్నాడు. గోపీ, ఆ చెయ్యి బయటికి వచ్చిన తీరు చూడాలి నువ్వు! ఎవరో కరియ దగ్గర నుంచి రెండడుగులు వెనక్కి జరిగారు, వాళ్లను చూసి మిగతావాళ్లూ జరిగారు. వాడు కట్టేసిన మిగతా ఎద్దులను కూడా ఎవరూ ముట్టుకోలేదు. పొద్దు వాలే దాకా వాడు ఒక్కడే కూర్చున్నాడు. ఫోటో దిగిన కుర్రాళ్లే "పాపం అను తాతా" అని పోతూ పోతూ ఎగతాళి చేశారు.

వాడు నాకు ఇచ్చిన లేగదూడ ధరే కొంగులో కట్టుకొని పోయి, ఎద్దును నాకే ఇచ్చేయమన్నాను. "నీకు మాత్రం ఇయ్యను. వచ్చే సంత దాకా చూసి లారీకైనా ఎక్కిస్తా, నీకు ఇయ్యను" అని పళ్లు కొరికాడు. ఊరికే బెదిరింపు. నాలుగు రోజులు మేత వేస్తే వాడే నా కాళ్ల దగ్గరికి తోలుకొస్తాడు.

రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

అత్త

హోసూరు,
5 మే 2025

అత్తా,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని, మీ వైపు వస్తున్న మా ఆఫీసు రేణు చేతికి ఇస్తున్నాను. ఫోను చేశాను. ఎద్దు అనే మాట వినగానే పెట్టేశావు.

అది బెదిరింపు కాదు. లారీ సంగతి ఫిబ్రవరిలో నాకు రాసింది నువ్వే. ఎవరూ అడగని పశువు ఎక్కడికి పోతుందో నీకే తెలుసు. మా ఆటలో శాపం తగిలిన కత్తి అమ్ముడుపోకపోతే మాయమవుతుంది, దానికి నొప్పి లేదు. కరియకు మెడ ఉంది, ప్రాణం ఉంది. నువ్వు వాడి ధర పడగొట్టావు నిజమే, కానీ ఆ ధరలోనే కరియ ప్రాణం కూడా ఉంది. వాడు పంతానికి పోయాడంటే శుక్రవారం ఎక్కించేస్తాడు. తరువాత నువ్వు ఎన్ని ముద్దలు తిన్నా అరగవు.

నీకు చెప్పేంతవాణ్ని కాను. ఏదో ఒకటి చెయ్యి అత్తా. నేను సెలవు అడుగుతున్నాను, ఇస్తే గురువారమే వచ్చేస్తాను.

గోపి

వేప్పనపల్లి,
11 మే 2025

చిరంజీవి గోపికి,

సెలవు దొరకలేదని మీ నాన్న చెప్పాడు. మంచిదే, నువ్వు ఉంటే నాకు ఏడుపు వచ్చేది.

నీ ఉత్తరం అందిన రాత్రి నిద్ర లేదు. గెలుపు మత్తులో నేను కరియను మరిచిపోయాను. పొద్దున్నే పద్మనాభం ఇంటికి పోయాను. వాడు వాకిట్లోనే కూర్చొని ఉన్నాడు. నన్ను చూడగానే పైపళ్లు బయటపెట్టాడు.

"లారీ మాట్లాడినానమ్మా. వద్దంటే ఒక పని చెయ్యి. సంతలో అందరి ముందర నిలబడి, 'నేను కడుపు మంటతో అబద్ధం చెప్పినాను, ఇది రాజసుడే' అను. సేలం ఆయప్ప కొంటాడు, ఎద్దు బతుకుతుంది."

చూశావా వాడి తెలివి! ఎద్దు బతకాలంటే నేను అబద్ధాలకోరును కావాలి, వాడికి మళ్లీ రాజసుడి ధర రావాలి. సరే ఆలోచిస్తానని చెప్పి వచ్చేశాను. ఆలోచించింది మాత్రం నీ కంత గురించి. ఒక వస్తువుకు ఒకే మాట. పాడెసుడి అయితే వాడు చావును అమ్ముతున్నాడు. రాజసుడి అయితే మొగుడు మంచాన ఉన్న ఆడదాన్ని దోచాడు. రెంటిలో ఒకటి అబద్ధం. ఆ అబద్ధం ఆడింది వాడు, నేనెందుకు నెత్తిన వేసుకోవాలి?

శుక్రవారం వాడికంటే ముందే సంతకు పోయి ధనుంజయ్‌ను పట్టుకున్నాను. కరియ పరుగు చూసినప్పటి నుంచి ఆయనకు ఆ ఎద్దు మీద మనసు. సుడికి భయపడి ఆగాడంతే. "నాయనా, ఆ సుడి మంచిదో చెడ్డదో నాకు ఇప్పటికీ తెలీదు. దానికి రెండు పేర్లు పెట్టినవాడికి తెలుసు. రెంటిలో ఏది అబద్ధమో వాడి నోటితో, ఈ సంత నడుమ చెప్పమను. చెప్తే కొను, లేకపోతే ఎల్లిపో" అన్నాను. ఆయన ఓబయ్యను కూడా పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు.

కసాయి లారీ నిజంగానే వచ్చి వెనక తలుపు తెరిచి ఉంది. పద్మనాభం కరియను దాని పక్కనే కట్టాడు, నేను చూడాలని. ధనుంజయ్ పోయి అడిగాడు. వాడు ముందు నవ్వాడు, తరువాత నా వైపు చూసి ఉమ్మాడు, తరువాత లారీవాడు ఇస్తానన్న ధరను, రాజసుడి ధరను మనసులో తూచుకున్నాడు. ఆ తూచుకోవడం వాడి ముఖంలో కనిపించింది గోపీ. నేను పందెం కట్టింది దాని మీదే. నా మీద పంతం వాడికి గట్టిదే, కానీ లాభం కంటే గట్టిది కాదు.

"ఆ పొద్దు చెప్పింది అబద్ధం" అని గొణిగాడు.

"ఏ పొద్దు? గట్టిగా చెప్పు, నాకు చెముడు" అన్నాడు ఓబయ్య. ఆయన చెవులు పాము చెవులని ఊరందరికీ తెలుసు.

"శ్రీరంగప్ప ఆస్పత్రిలో ఉండే పొద్దు, పాడెసుడి అని చెప్పింది అబద్ధం. చవగ్గా వస్తుందని చెప్పినాను. అది పాడెసుడి కాదు."

సంత అంతా వింది. తువ్వాలు కింద కాదు, బట్టబయలుగా వింది. కరియకు వాడు అడిగిన ధర వచ్చింది, నేను కాదనను. కానీ మధ్యాహ్నం వాడు ఒక ముసలాయన ఆవు చుట్టూ తిరిగి "పాపం" అనగానే, ఆ ముసలాయన "ఇది కొనే మాటా, అమ్మే మాటా?" అని అడిగాడు. చుట్టుపక్కల అందరూ ఫక్కుమన్నారు. ఇక వాడు ఏ సంతకు పోయినా ఆ ప్రశ్న వాడికంటే ముందే పోయి కూర్చుంటుంది. దళారికి నోరే పెట్టుబడి. అది మొన్న శుక్రవారం మునిగిపోయింది. నేను వాడిని క్షమించలేదు, క్షమించను, ఆ మాట నాకు ఎవరూ చెప్పవద్దు.

కరియ నాకు రాలేదు. ఆ ధర నేను ఎక్కడ తేను? ధనుంజయ్ దాన్ని టెంపోలో ఎక్కించుకుంటుంటే నేను ఒక్కటే అడిగాను. సేలం పోవాలంటే కృష్ణగిరి మీదుగానే కదా, ఆస్పత్రి గేటు దగ్గర కాసేపు ఆపుతావా నాయనా అని. ఎందుకని కూడా అడగలేదు. "ఎక్కమ్మా" అని ముందు సీటు చూపించాడు.

గేటు దగ్గర ఆయనే తలుపు తీసి కరియను దించాడు. కాపలావాడు కర్ర పట్టుకొని అరుస్తూ వచ్చాడు, ధనుంజయ్ అడ్డం నిలబడ్డాడు. నేను పగ్గం పట్టుకొని, మెడ గంటలు మోగేలా, దాన్ని గేటు ముందు అటూ ఇటూ నడిపించాను. కిటికీ పక్క మంచంలో ఎవరో ముసలాయన లేచి కూర్చొని చూశాడు. చాలాసేపు చూశాడు.

మీ పూర్ణిమగారితో చెప్పు, ఆ రెండు మాటలనూ విడదీయవద్దని.

మీ అత్త
నాగరత్నం